దీపావళికి కాల్చని టపాకాయలు

మా రిజ్వానా సంగతి నాకు మొదట చెప్పింది లావణ్య. దెందులూరు పిల్ల, మా అమ్మాయి జట్టులో వికెట్ కీపరు. 2004 నవంబరు మొదట్లో, రంజాన్ ఉపవాసాల రోజులవి. మధ్యాహ్నం నమాజు చేసుకుని చాప చుడుతున్నాను. వీధి మలుపులో కారు ఆగి, వెంటనే మళ్ళీ వెళ్ళిపోయిన చప్పుడైంది. తల ఎత్తేసరికి గుమ్మంలో లావణ్య, కీపింగ్ గ్లౌజులు చంకలో పెట్టుకుని. తాడేపల్లిగూడెం గ్రౌండు దుమ్ము ఇంకా మొహం మీదే ఉంది.

"ఆంటీ, రిజ్వానా నవ్వుతోందండి," అంది. "పొద్దుటినుంచీ నవ్వుతూనే ఉందండి. ఆపుకుందామన్నా ఆగట్లేదండి."

ఆ మాట అని ఏడుపు మొదలుపెట్టింది.

అమ్మాయిని అదే కారులో ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారట, లావణ్యని మాత్రం నాకు చెప్పమని మా వీధిలో దింపారట. ఆటోలో వెళ్తుంటే మిగతాది చెప్పింది. ఆ ఉదయం మా అమ్మాయి మెడ పట్టేసిందంటూనే బంతి అందుకుంది. ఆట ఉందని ఆ పూట ఉపవాసం లేదు, అయినా దవడ తెరుచుకోక ఇడ్లీ ముక్క కూడా లోపలికి పోలేదు. వేసిన బంతులన్నీ పక్కకి పోతుంటే వాళ్ళ నాన్న గీత దాటి లోపలికి వెళ్ళి తిట్టారు. ఆయన తిడుతున్నకొద్దీ అది పళ్ళు బయటపెట్టి నవ్వింది. సెలక్టర్లు చూస్తున్నారు, రెండు జట్లూ చూస్తున్నాయి. ఆయన చెంప మీద కొట్టారు. నవ్వు పోలేదు. మళ్ళీ కొట్టారు. అప్పుడు దాని నడుము వెనక్కి విరిచినట్టు లేచి, మడమలూ తలా మాత్రమే నేలకి ఆని, ఒళ్ళంతా విల్లులా వంగి పిచ్ మీద పడిపోయింది. ఆ వంపులోనే ఉండి కూడా నవ్వుతోందట.

ఆసుపత్రిలో డాక్టరమ్మ దాన్ని చూసిన మరుక్షణం దీపం ఆర్పించారు. నన్ను వసారాలోకి తీసుకొచ్చి, చాలా చిన్న గొంతుతో చెప్పారు, ధనుర్వాతం అని.

మావారి పేరు ఇక్కడ రాయను. ఒకప్పుడు దేశం తరఫున ఫాస్ట్ బౌలింగ్ చేసినవారు. మా జిల్లాలో ఆ పేరు తెలియనివారు తక్కువ, అందుకే రాయడం లేదు. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది. నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న తివాచీలు నేసేవారు, మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని నాకు తెలుగు అక్షరాలూ ఖురానూ నేర్పారు. కాబట్టి వైద్యం సంగతులు నేను అరకొరగానే చెప్పగలను. కళ్ళతో చూసింది మాత్రం చెప్పగలను.

రిజ్వానాకి అప్పుడు పదహారు. మాకు ఒక్కతే. ఏడేళ్ళప్పుడు పెరట్లో నిమ్మకాయ విసిరి మా అత్తగారి నీళ్ళ కుండ పగలగొట్టింది. అత్తగారు చీపురు తీశారు, మావారు టేపు తీసి దూరం కొలిచారు. ఆ రోజునుంచీ దాని చెయ్యి ఆయనదైపోయింది. ఆయన పద్ధతి చాలా మొరటు. బంతితో బతిమాలకూడదు, కొట్టాలి అనేవారు. దానిచేత మగపిల్లలకి బౌలింగ్ చేయించేవారు. ఒక కుర్రాడి డొక్కలో బంతి తగిలి వాడు మోకాళ్ళ మీద కూలబడితే, ఇది పరిగెత్తుకెళ్ళి నీళ్ళిచ్చింది. ఆయన వెనక్కి పిలిచి, "నీళ్ళు వాళ్ళమ్మ ఇస్తుంది, నువ్వు రెండో బంతి వెయ్యి" అన్నారు. వేసింది. పేపర్లో దాని ఫోటో ఒకటి వచ్చింది. గాలిలోకి ఎగిరి, నడుము వెనక్కి విల్లులా వంచి, బంతి వదలబోయే ముందు తీసినది. తండ్రి వంపే అని అందరూ మెచ్చుకున్నారు. ఆయన దాన్ని ఫ్రేము కట్టించి ముందు గదిలో పెట్టారు.

గాయం అక్టోబరు నెలాఖరున తగిలింది. కొల్లేటి వైపు చేపల చెరువుల్లో పట్టుబడి చేసి, అంటే చేపలన్నీ పట్టేసి, నీళ్ళు తోడేశాక, అడుగున మోకాలి లోతు బురద మిగులుతుంది. మావారు తన చిన్నతనంలో ఆ బురదలోనే చెప్పుల్లేకుండా పరిగెత్తి కాళ్ళు గట్టిచేసుకున్నారు. బురదలో పరిగెత్తినవాడికి గట్టి నేల మీద రెక్కలొస్తాయని ఆయన నమ్మకం. స్నేహితుడి చెరువు ఎండగట్టారని తెలిసి, కూతుర్ని తెల్లారేసరికి అక్కడికి తీసుకెళ్ళారు. వల కట్టడానికి పాతిన ఇనప చువ్వ ఒకటి బురదలో విరిగి ఉంది. తుప్పు పట్టినది. అది అరికాల్లో దిగింది.

తిరుగుదారిలో భీమడోలులో ఒక ఆర్‌ఎంపీ గారి దగ్గర కట్టు కట్టించారు. ఆయన సూది సిద్ధం చేసుకుంటే మావారు ఆపారు. రెండు రోజుల్లో ఆట ఉందండీ, సూదేస్తే చెయ్యి పట్టేస్తుంది అన్నారు. ఎడమ చేతికి వేస్తానండీ అన్నాడాయన. ఎడమ చెయ్యి లాగితేనే కదండీ కుడి చెయ్యి వచ్చేది అన్నారు ఈయన. పోనీ నడుముకి వేస్తానండి అంటే, "నడుం లేకపోతే ఇంక బౌలరేంటండీ?" అన్నారు. ముగ్గురూ నవ్వుకున్నారట. ఆట అయ్యాక వేయించుకుందాం అనుకున్నారు. ఆ ఆటలో ఇది ఐదు వికెట్లు తీసింది. గాయం పైకి మానింది. సూది మాట అందరూ మరచిపోయారు. చిన్నప్పుడు వేయించాక మళ్ళీ వేయించాల్సిన సూది కూడా మేం వేయించలేదని తర్వాత తెలిసింది. చదివే తల్లులు ఈ ఒక్క ముక్కా మనసులో పెట్టుకుంటే, నేనిది రాసినందుకు ఫలితం దక్కినట్టే.

ఆ గది వసారా చివర, అన్నిటికీ దూరంగా ఉండేది. కిటికీలకి నల్ల గుడ్డలు. వెలుతురు పడకూడదు, చప్పుడు కాకూడదు, అకస్మాత్తుగా ఒంటి మీద చెయ్యి కూడా వెయ్యకూడదు. గ్లాసు కింద పడ్డా, తలుపు కొట్టుకున్నా, లోపలున్నవాళ్ళకి అది గొడ్డలి వేటే అని డాక్టరమ్మ చెప్పారు. నేను నమ్మలేదు. ఒక ఆయా చేతిలోంచి స్టీలు పళ్ళెం జారినప్పుడు నమ్మాను.

ఆ శబ్దానికి మా అమ్మాయి ఒళ్ళు ఒక్కసారిగా బిగుసుకుంది. వీపు మంచం మీంచి లేచిపోయింది. మెడ నరాలు తాళ్ళలా తేలాయి. పళ్ళు కొరుకుతుంటే రాయి మీద రాయి రాసినట్టు వినిపించింది, అందులో ఒక పన్ను విరిగింది. నాలుక తెగి నోటి చివర్నుంచి రక్తం చెవి దాకా కారింది. ఇనప మంచం గడగడలాడింది, ఆ గడగడకి మళ్ళీ ఇంకో వేటు. తెలివి మాత్రం తప్పలేదు. ఆ రోగం చేసే అన్యాయమంతా అదే. కళ్ళు నన్నే చూస్తున్నాయి, అంతా తెలుస్తోంది, పెదవులు నవ్వుతున్నాయి. ముందు గదిలో ఫ్రేము కట్టించిన వంపే అది. అప్పుడు దాని ఇష్టంతో వంగింది, ఇప్పుడెవరో పట్టి వంచుతున్నారు.

ఖురాను గొంతెత్తి చదవడం మా నాన్న నేర్పిన అలవాటు. ఆ గదిలో నేను పెదవులు కూడా కదపకుండా చదవడం నేర్చుకున్నాను. అల్లా చెవికి శబ్దం అక్కర్లేదని అంతకు ముందు వినే ఉన్నాను, అప్పుడు తెలుసుకున్నాను.

మావారిని లోపలికి రానివ్వలేదు. మొదటి రోజు ఆయన గుమ్మంలో నిలబడి "రిజ్జూ" అన్నారు, అంతే, మెల్లగానే. ఆ గొంతు వినగానే పిల్ల విరుచుకుపోయింది. డాక్టరమ్మ ఆయన్ని భుజం పట్టుకుని బయటికి తీసుకెళ్ళి, మీ గొంతు తనకి పడటం లేదండి, ఇటు రాకండి అన్నారు. ఆయన గేటు దగ్గరికి వెళ్ళి గోడకి తల ఆనించి నిలబడ్డారు. నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. మా అత్తగారు వచ్చి, ఆడపిల్లని మగాడిలా పరిగెత్తించావు, ఇప్పుడు చూసుకో అని అందరి ముందూ కొడుకుని తిట్టి, నా వైపు తిరిగి, నువ్వు నోరు మూసుకుని దేవుడికి దణ్ణాలు పెట్టుకుంటూ కూర్చున్నావు అన్నారు. ఇద్దరం పడ్డాం.

రెండు రోజులకి ఆ గదిలో రెండో మంచం మీదకి పెద్దింట్లమ్మ వచ్చింది. కొల్లేటి లంక గ్రామం. అక్కడి అమ్మవారి పేరే పెట్టుకున్నారు. పాతికేళ్ళుంటాయేమో. చేపలు ఏరే పనిలో జెల్ల చేప ముల్లు అరచేతిలో దిగిందట. భర్త కోటయ్య వసారాలో గోడవార కూర్చునేవాడు. ఒక చిన్న కూతుర్ని అత్తగారి దగ్గర వదిలి వచ్చారు.

గది తలుపు ఇనపది. ఎంత మెల్లగా వేసినా చివర్లో ఢంగుమనేది. వచ్చిన మర్నాడే కోటయ్య ఊరికి వెళ్ళి పాత నైలాను వల తెచ్చాడు. దాన్ని కోసి, మడతలు పెట్టి, తలుపు చట్రం పొడవునా కుక్కాడు. మిగిలిన వల వసారాలో పరిచాడు, నర్సుల చెప్పుల చప్పుడు వినపడకుండా. చేపల వాసన వేస్తోందని ఎవరో గొణిగారు. డాక్టరమ్మ ఆ తలుపు రెండుసార్లు వేసి చూసి, కోటయ్యకి నమస్కారం పెట్టారు. ఆ రోజునుంచీ రెండు మంచాల మీదా వేట్లు సగానికి తగ్గాయి. మా అమ్మాయి బతికిందంటే మందుల తర్వాత ఆ వల వల్లే.

మందుల మత్తు కాస్త దిగినప్పుడు ఇద్దరూ పళ్ళ సందుల్లోంచి మాట్లాడుకునేవారు. నేను మధ్యలో కూర్చుని వినేదాన్ని.

"ఏం పని చేత్తావే పిల్లా?"

"బంతులేస్తాను."

"ఎవరిమీదకి?"

"ఎదురుగా ఉన్నవాళ్ళమీదకి."

"తగిల్తేనో?"

"తగలాలనే వేస్తాం అక్కా."

పెద్దింట్లమ్మ కాసేపు ఊపిరి కూడదీసుకుని అంది, "మా అత్త మీదకి రెండెయ్యాలి, వత్తావా?"

నవ్వితే ఒళ్ళు బిగుసుకుంటుందని ఇద్దరికీ నవ్వడం మానిపించారు. అయినా మొహాల మీద ఆ పాడు నవ్వు ఉండనే ఉంది. దాని వెనక అసలు నవ్వు కళ్ళలో కనిపించేది, మత్తు దిగిన ఆ కాసేపూ.

ఇంతలో దీపావళి వచ్చింది. ఆ ఏడు రంజాన్ పండక్కి ముందే పడింది. ఆసుపత్రి చుట్టూ నాలుగు వీధులు, దుకాణాలు, పిల్లలున్న ఇళ్ళు. డాక్టరమ్మ మొహంలో భయం మొదటిసారి చూశాను. అప్పుడు మావారు గేటు దగ్గర్నుంచి కదిలారు. ఎప్పుడూ ఎవరింటి గుమ్మం ముందూ తల వంచనివారు, ఇంటింటికీ వెళ్ళి చేతులు జోడించారు. ఈ ఒక్క పండగా టపాకాయలు కాల్చకండమ్మా, లోపల ఇద్దరున్నారు అని. పెద్దవాళ్ళు ఆయన్ని గుర్తుపట్టి కుర్చీ వేశారు. పిల్లలు సంతకాలు అడిగారు, పెట్టారు. మసీదుకి వెళ్ళి అజాన్ మైకు లేకుండా ఇమ్మని అడిగారు. గుళ్ళో కార్తీక మాసం పాటలు కూడా మైకు ఆపి పాడుకున్నారు. ఏ వీధిలోనూ ఎవరూ కాదనలేదు.

ఆ సాయంత్రం నేను మేడమీదకి వెళ్ళి చూశాను. దూరంగా ఊరంతా వెలుగుతోంది, మోగుతోంది. మా చుట్టూ నాలుగు వీధుల్లో మాత్రం ప్రమిదలు వెలుగుతున్నాయి, ఒక్క చప్పుడు లేదు. పిల్లలు మెట్ల మీద బుద్ధిగా కూర్చుని దీపాలకేసి చూస్తున్నారు. ఉపవాసం విడిచేందుకు నోట్లో పెట్టుకున్న ఖర్జూరం మింగలేక ఏడ్చాను. కృతజ్ఞత అంత బరువుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

పండగ నమాజు వసారాలో ఆ వల మీదే చేసుకున్నాను.

నవంబరు చివర్లో ఒకరోజు మా అమ్మాయి దవడ కొద్దిగా విడింది. చెంచాతో గంజి పోస్తే మింగింది. వేట్లు పలచబడ్డాయి. పెద్దింట్లమ్మకి ఇంకా గట్టిగానే వస్తున్నాయి, కానీ ఈ వారం గడిస్తే గట్టెక్కినట్టే అన్నారు డాక్టరమ్మ. నేను గేటు దగ్గరికి వెళ్ళి, ఇన్నాళ్ళకి మావారితో నోరు విప్పాను. "గంజి తాగిందండీ" అన్నాను. ఆయన మొహం రెండు చేతులతో కప్పుకున్నారు. తర్వాత టీ కొట్టు దగ్గరికి వెళ్ళి అక్కడున్నవాళ్ళతో అన్నారు, మా అమ్మాయి గంజి తాగిందిరా అని. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

ఆ మాట నాలుగు వీధులూ తిరిగేసరికి, గండం గడిచిపోయింది, పిల్ల కోలుకుంది అని అయింది. దీపావళికి కాల్చకుండా ప్రతి ఇంట్లోనూ దాచిపెట్టినవన్నీ అలాగే ఉన్నాయి. కుర్రాళ్ళు వాటిని పోగుచేశారు. సార్ కోసం ఆపాం, సార్ కోసమే కాలుద్దాం అనుకున్నారట. ఆయన ఆట చూడకపోయినా ఆ పేరు వింటూ పెరిగినవాళ్ళు. దీపాలు పెట్టే వేళకి ఆసుపత్రి గేటు ముందు పొడుగాటి టపాకాయల దండ పరిచి, మధ్య మధ్య లక్ష్మీ బాంబులు కట్టి, ఆయన పేరు పెట్టి జై కొట్టి అంటించారు.

మొదటి పేలుడుకి కిటికీ అద్దాలు అదిరాయి. రెండు మంచాలూ ఒక్కసారే లేచాయి. నేను నా కూతురి మీద పడి దాని చెవులు రెండు చేతులతో మూశాను. నా కిందే అది విల్లులా లేచి నన్ను పైకెత్తింది. అంత బలం ఆ ఎముకల గూట్లో ఎక్కడిదో. పక్క మంచం మీద పెద్దింట్లమ్మ చెవులు మూయడానికి గదిలో ఇంకెవరూ లేరు. కోటయ్య బయట ఇనప తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి, చప్పుడుని శరీరంతో ఆపుతున్నాడు. చప్పుడు తలుపులోంచే వస్తుందనుకున్నాడు పాపం. దండ ఆగకుండా పేలుతూనే ఉంది. ఒక వేటు విడవకుండానే రెండోది, దాని మీద మూడోది. ఆమె ఊపిరి బిగిసింది, మొహం నల్లబడింది. నర్సులు పరిగెత్తుకొచ్చారు. దండ అయిపోయాక ఒక్క నిమిషం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మా అమ్మాయి ఊపిరి తీసింది. ఆమె తీయలేదు.

మావారు టీ కొట్టు దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి మంట మీదకి దూకారట. పేలుతున్నవాటిని అరికాళ్ళతో తొక్కారు, చేతులతో పీకారు. అరచేతులు కాలాయి. అప్పుడు దొరికినవాణ్ణి దొరికినట్టు కొట్టడం మొదలుపెట్టారు. నేను వసారా చివరికి వచ్చేసరికి ఒక కుర్రాడు కింద పడి ఉన్నాడు, మూతి నిండా రక్తం. ఈయన ఇంకా కొడుతున్నారు. వాడు చేతులు కూడా అడ్డం పెట్టకుండా, "మీ కోసమే సార్, మీ కోసమే" అంటున్నాడు. జనం చూస్తున్నారు గానీ ఎవరూ ముట్టుకోవడం లేదు.

నా పక్కనుంచి కోటయ్య వెళ్ళాడు. మెల్లగా నడిచి వెళ్ళి మావారి భుజం మీద చెయ్యి వేశాడు.

"కొట్టకండి బాబూ," అన్నాడు. "సప్పుడవుద్ది. లోపల ఇప్పుడు మీ పాపొక్కత్తే ఉంది."

మావారి చెయ్యి గాలిలోనే ఆగింది. ఆ చెయ్యి అలా ఆగడం నేను మళ్ళీ చూడలేదు, ఆయన మళ్ళీ ఎవరి మీదా ఎత్తలేదు.

ఆ రాత్రే ఆమెను తీసుకెళ్ళారు. వల విప్పి ఇవ్వబోతే కోటయ్య నా చెయ్యి ఆపాడు. "ఉంచండమ్మా. మీ పాపకింకా కావాలి" అన్నాడు. తలుపు తనే వేసి వెళ్ళాడు. చప్పుడు కాలేదు.

డిసెంబరులో ఇంటికొచ్చాం. పదహారేళ్ళ పిల్లకి చెంచా పట్టుకోవడం, గోడ పట్టుకుని నడవడం మళ్ళీ నేర్పాను. ఫ్రేము కట్టిన ఫోటో మావారే తీసేశారు. రిజ్వానా ఏడాది పైన బంతి ముట్టుకోలేదు. 2006లో ఒక ఉదయం తనే సంచి తీసుకుని బయల్దేరింది. నేను భయపడ్డాను, ఆపలేదు. సూది మాత్రం ముందే వేయించాను, బౌలింగ్ చేసే చేతికే. ఇప్పుడు మళ్ళీ వేగంగానే వేస్తోంది. ఎవరికైనా దెబ్బ తగిలితే పరిగెత్తుకెళ్ళి నీళ్ళిస్తుంది. వాళ్ళ నాన్న గీతకి ఇవతల కూర్చుని చూస్తారు, ఏమీ అనరు. తను ఆడే చోట టపాకాయలు కాల్చకూడదని ముందే చెబుతుంది. కొందరికి అది పొగరులా కనిపిస్తుంది.

మేం లంకకి వెళ్తుంటాం. మొదటిసారి కోటయ్య ఇంట్లోంచి బయటికి రాలేదు. వాళ్ళమ్మ పీట వేసి మంచినీళ్ళిచ్చింది. రెండోసారి అతను వచ్చి రిజ్వానాని చూసి, నడక బాగుందా అమ్మా అని అడిగాడు. ఆ చిన్నపిల్లకి అమ్మ మొహం గుర్తు లేదు.

నా బిడ్డ కోసం ముక్కూ మొహం తెలియనివాళ్ళు దువాలు చేశారు, పూజలు చేశారు, పండగ మానుకున్నారు. మీ అందరికీ నేను రుణపడి ఉన్నాను, టపాకాయలు అంటించిన ఆ కుర్రాళ్ళకి కూడా, వాళ్ళ మనసులో ఉన్నది ప్రేమే. మీరు మా అమ్మాయి పేరు మరచిపోయినా ఫరవాలేదు. మావారి పేరు తలుచుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. మా సంతోషం చప్పుడుకి పోయిన మనిషి పేరు పెద్దింట్లమ్మ. కొల్లేటి ఆడమనిషి, కోటయ్య భార్య, అత్తగారి మీదకి రెండు బంతులు వెయ్యమని అడిగింది. ఈసారి ఏ వత్తి అంటించబోయినా, అగ్గిపుల్ల గీసే ముందు ఒక్కసారి ఆమెను తలుచుకోండి.